మెరకకు తోలించిన మట్టి

కార్తీక మాసంలో ఒక సోమవారం పొద్దున్న తులసికోటలో నీళ్ళు పోద్దామని రాగి చెంబు ఎత్తాను. చెంబు నా చేతిలోనే ఉంది. నేను వదల్లేదు. వేళ్ళు పట్టుకునే ఉన్నాయి, మణికట్టు మాత్రం నిలబడలేదు. చెంబు కింద పడి దొర్లుకుంటూ పోయింది. తడి చీరతో అక్కడే నిలబడి నా చెయ్యి వంక చూసుకున్నాను. అది నా చెయ్యిలా అనిపించలేదు.

అప్పటికే కొన్నాళ్ళుగా కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తోంది. వస్తే గంటసేపు వంగిపోయి కూర్చోవాల్సిందే. విరేచనం సరిగ్గా కాదు. అన్నం సహించదు. ఉపవాసాల వల్ల అనుకున్నాను. చెంబు పడిన రోజున మాత్రం, ఇదేదో వేరే సంగతని అనుమానం వచ్చింది.

నేనెవరో ముందు చెప్పాలి కదా. మా పుట్టిల్లు పెనుగొండ. పెళ్ళయి రాజమండ్రి వచ్చాను. మా ఆయన పెట్టిన ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టుని ఇప్పుడు మా అబ్బాయి శ్రీనివాసు చూసుకుంటున్నాడు. కోడలి పేరు ప్రసన్న. పెద్ద మనవరాలు శ్రావ్య పదో తరగతి. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది అదే. చిన్నది బుజ్జి, నాలుగేళ్ళు దాటింది. ఇంతే మా ఇల్లు.

నాకు అనుమానం ఎక్కువని మా వాళ్ళంటారు. అది నిజమే. ప్యాకెట్ పాలలో ఏం కలుపుతారోనని నాకు అనుమానం. బజారు ఆకుకూర మీద ఏం మందు కొట్టారోనని అనుమానం. గిన్నెలు తోమే సబ్బుని ఎంత కడిగినా పోదని నా నమ్మకం. అందుకే నా వంట నేనే వేరుగా చిన్న పొయ్యి మీద చేసుకుంటాను. పెరట్లో వేసిన తోటకూర, బచ్చలి, గోంగూర, కంద, ఇవే నా కూరలు. పూజ సామాన్లు, నా మంచినీళ్ళ బిందె, నా గిన్నెలు నేనే తోముకుంటాను. పెరట్లో గుప్పెడు మట్టి, కాస్త చింతపండు, అంతే. మా అమ్మ అలాగే తోమేది. ఇత్తడి మెరిసిపోతుంది.

మా అబ్బాయికి, కోడలికి ఆకుకూర పడదు. శ్రావ్యకి అసలే పడదు. నాతో కూర్చుని కంద బచ్చలి కూర అన్నం తినేది బుజ్జి ఒక్కతే. ఈ మాట గుర్తుంచుకోండి.

మొదట మా వీధి చివరి డాక్టరు గారికి చూపించాం. ఆయన పొట్ట నొక్కి చూసి, "గ్యాస్ అండి, ఈ వయసులో మామూలే" అని మాత్రలిచ్చారు. తగ్గలేదు. పెద్దాసుపత్రికి వెళితే ఎండోస్కోపీ చేశారు. గొట్టం లోపలికి దించేటప్పుడు ఆ పిల్ల నర్సు, "మింగండి మామ్మగారూ, ఇడ్లీ అనుకుని మింగండి" అంది. అల్సర్ లేదన్నారు. స్కానింగ్ చేసి రాళ్ళు లేవన్నారు. బ్లడ్ తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు. ఎన్ని వేసుకున్నా బ్లడ్ పెరగలేదు.

"ఈ వయసులో ఊరికే బ్లడ్ తగ్గదండి. పేగుల్లో ఏమైనా ఉందేమో చూద్దాం" అని కొలనోస్కోపీ రాశారు. ఆ 'ఏమైనా' అన్న మాట నా చెవిలో ఉండిపోయింది.

అది కూడా బాగానే ఉందని చెప్పారు. నేను నమ్మలేదు. ఇన్ని పరీక్షలు చేసి ఏమీ లేదంటే, ఉన్నదేదో దాస్తున్నారనేగా? ఆ సాయంత్రం వంటింట్లో మా వాడు, కోడలు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. గుమ్మం పక్కన నిలబడ్డాను.

"అత్తయ్యగారికి ఇప్పుడే చెప్పద్దండి, కంగారు పడతారు."

"చెప్పకుండా ఎలా తీసుకెళ్తాం?"

లోపలికి వెళ్ళిపోయి, "క్యాన్సరేగా, నాకు చెప్పండి. నేనేం చిన్నపిల్లనా?" అని అడిగాను.

మా వాడు తెల్లబోయాడు. "క్యాన్సరేంటమ్మా? అన్నవరం తీసుకెళ్ళి వ్రతం చేయిద్దాం అనుకుంటున్నాం. ముందే చెబితే ఆ నొప్పితో నువ్వు వారం ముందునుంచే ఉపవాసాలు మొదలెడతావని దీని భయం."

కోడలు నవ్వాపుకోలేక గిన్నెల వైపు తిరిగిపోయింది. నేను నవ్వలేదు. వ్రతం ఎందుకు చేయిస్తున్నారు, ఆశ లేకనా అని ఆ రాత్రంతా అదే ఆలోచన.

అన్నవరంలో మెట్లెక్కలేకపోయాను. కారులోనే కొండ మీదికి వెళ్ళాం. మోకాళ్ళు, మోచేతులు పీకేస్తున్నాయి. ప్రసాదం ఆకుదొన్నె కూడా కుడిచేత్తో పట్టుకోలేకపోతుంటే, తిరిగొచ్చేటప్పుడు మా వాడు నేరుగా కాకినాడ తీసుకెళ్ళాడు.

అక్కడ చూసింది ఒక ఆడ డాక్టరు. మా శ్రావ్యకి అక్కలా ఉంది. ఇంత చిన్నపిల్లకి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆవిడ పాత రిపోర్టులన్నీ పక్కన పెట్టి, రెండు చేతులూ ముందుకు చాపి మణికట్లు పైకెత్తమంది. కుడిది సగంలో ఆగిపోయింది. మళ్ళీ రక్తం తీయించి, తనే మైక్రోస్కోపులో చూసి వచ్చింది.

"అమ్మా, మీరు భస్మాలు, పసరు మందులు ఏమైనా వాడుతున్నారా?"

"నేను బయటివాళ్ళు ఇచ్చిన మంచినీళ్ళే తాగను తల్లీ."

"మీ బ్లడ్ సెల్స్ లో చుక్కలు చుక్కలుగా కనబడుతోందమ్మా. బేసోఫిలిక్ స్టిప్లింగ్ అంటాం. కడుపు నొప్పి, బ్లడ్ తగ్గడం, చెయ్యి వాలిపోవడం, మూడూ కలిపితే నాకొక అనుమానం ఉంది. బ్లడ్ లెడ్ లెవెల్ అని ఒక టెస్ట్ ఉంది, హైదరాబాద్ పంపించాలి."

అనుమానం అన్న మాట వినగానే ఆ పిల్ల మీద గురి కుదిరింది. అప్పటిదాకా అందరూ ఏమీ లేదన్నవాళ్ళే.

రిపోర్టు వచ్చింది. లెడ్ అంటే సీసం. నా ఒంట్లో ఉండకూడనంత సీసం ఉందట. మా ఇంట్లో మేం వండుకుని తినేవాళ్ళం, సీసం ఎక్కడినుంచి వస్తుంది? "ఇంట్లో ఇత్తడి గిన్నెల్లో వండుతారా? కళాయి పెట్టిస్తారా?" అని ఆవిడ అడిగింది. కళాయి పూసే తగరంలో సీసం కల్తీ చేసేవాళ్ళుంటారట.

మాకది దెబ్బే. మా కొట్టు బతికేదే ఇత్తడి మీద. మా వాడు మొహం ముడుచుకున్నాడు. "మన గిన్నెలే విషమంటే ఇంక కొట్టెందుకమ్మా?" అన్నాడు. అయినా వంట గిన్నెలన్నీ అటక మీదికి ఎక్కించాం. కళాయి వేసే మనిషి మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, వీధిలో అతని కేక వినబడితే తలుపేసుకునేదాన్ని. పాపం, ఆ మనిషికి ఏ సంబంధమూ లేదని తర్వాత తెలిసింది.

డాక్టరమ్మ ఇంట్లో అందరికీ టెస్ట్ చేయించమంది. మా వాడికి, కోడలికి, శ్రావ్యకి పెద్దగా లేదు. బుజ్జికి ఉంది.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో కోడలు బుజ్జిని ఒళ్ళో పెట్టుకుని నాకు దూరంగా, బెంచీ అవతలి చివర కూర్చుంది. డాక్టరమ్మ మాత్రం దాచకుండా చెప్పింది. "పెద్దవాళ్ళకి కడుపు నొప్పితో బయటపడుతుంది. చిన్నపిల్లల్లో పైకేమీ కనబడదు, బ్రెయిన్ మీద పనిచేస్తుంది. చదువు మీద, మాట మీద చూపిస్తుంది. పాప లెవెల్ కి ఇప్పుడు క్యాప్సూల్స్ అక్కర్లేదు. ఐరన్, కాల్షియం ఇవ్వండి. కానీ లోపలికి వెళ్ళేది ఆగాలి. అదే మందు."

ఇంటికొచ్చాక బుజ్జి అలవాటుగా నా కంచం దగ్గరికి వచ్చి కూర్చుంది. కోడలు వచ్చి దాన్ని ఎత్తుకుని వెళ్ళిపోయింది. "మామ్మ దగ్గరే తింటా" అని అది ఏడుస్తోంది. "మామ్మకి ఒంట్లో బాగాలేదమ్మా" అంటోంది ప్రసన్న. అంటుకునే జబ్బు కాదని ఇద్దరికీ తెలుసు. ఆ మాట అనడానికి నాకు నోరెక్కడుంది?

నాకు క్యాప్సూల్స్ ఇచ్చారు. మందు డబ్బా మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మేము గుడ్డు ముట్టుకునేవాళ్ళం కాదు. ఫోనులో డాక్టరమ్మని నిలదీశాను.

"అందులో గుడ్డు కలిపారా? నిజం చెప్పండి."

"గుడ్డు కాదమ్మా, అది గంధకం వాసన. ఆ గంధకమే సీసాన్ని పట్టుకుని బయటికి లాగుతుంది."

అయినా శ్రావ్య చేత ఇంటర్నెట్ లో చూపించుకున్నాకే మింగాను. మొదట్లో బాగానే పనిచేశాయి. నొప్పి తగ్గింది. విరేచనం సాఫీ అయింది. నా పని నేను చేసుకుంటున్నాను. మందు విడత పూర్తయింది, ఇక గట్టెక్కామనుకున్నాం.

మళ్ళీ టెస్ట్ చేస్తే నాదీ పెరిగింది, బుజ్జిదీ పెరిగింది.

"మందు మానేశాక కొంత పెరగడం మామూలే అమ్మా. సీసం ఎముకల్లో దాక్కుంటుంది, మెల్లగా బయటికొస్తుంది. కానీ పాపది పెరగకూడదు. ఇంట్లో ఇంకా ఎక్కడో ఉంది" అంది డాక్టరమ్మ.

ఆ రాత్రి కోడలు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. "అత్తయ్యగారూ, కోప్పడకండి. నేను చూడనప్పుడు బుజ్జికి మీ చేత్తో ఏమైనా పెడుతున్నారా?"

"ఆ పిల్ల మీద ఒట్టు, మెతుకు పెట్టలేదు" అన్నాను. నిజమే, పెట్టలేదు. ప్రసన్న నమ్మిందో లేదో తెలీదు. తలూపి వెళ్ళిపోయింది. నాకూ అనుమానం మొదలైంది. ఈవిడే ఏ బొమ్మలో, ఏ రంగుల డబ్బాలో తెచ్చి ఇచ్చి, నా మీద పెడుతోందా? బుజ్జి బొమ్మలన్నీ తీసి వాసన చూశాను. రంగు గీకి చూశాను. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం ఒకరి చేతుల వంక ఒకరం చూసుకుంటూ తిరిగాం. అంతకంటే ఆ కడుపు నొప్పే నయం.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ఇన్వర్టరు కుయ్ కుయ్ మంటోంది. బ్యాటరీలో నీళ్ళు అయిపోయాయేమో చూడమంది కోడలు. మెట్ల కింద కూర్చుని చూస్తున్నాను. బ్యాటరీ నల్లటి పెట్టె, దాని పక్కన నిలువుగా గీతలు, గీతకి గీతకి మధ్య గాడి. ఆ గాడి మీద చెయ్యి పెట్టగానే, ఇది నాకు బాగా తెలిసిన గాడి అనిపించింది.

పెరట్లోకి వెళ్ళాను. తులసికోట చుట్టూ నేను అందంగా గుచ్చిన నల్లటి ముక్కలున్నాయి. తోటకూర మడికి గట్టుగా పెట్టినవీ అవే. మడి తవ్వేటప్పుడు మట్టిలో అలాంటివి చాలా దొరికేవి. గట్టిగా, నున్నగా ఉంటే పారేయడమెందుకని దాచి, కడిగి, వరసగా గుచ్చాను. ఒక ముక్క పీకి తెచ్చి బ్యాటరీ పక్కన పెట్టాను. అదే గీత, అదే గాడి.

"ప్రసన్నా, ఒకసారి ఇటు రా" అని పిలిచాను. ఆవిడ వచ్చి చూసింది. రెండిటినీ తడిమింది. "బ్యాటరీ లోపల ఉండేది సీసమే కదా. మన మట్టిలో బ్యాటరీలు ఎందుకున్నాయత్తయ్యగారూ?" అంది.

మా కాలనీ ఒకప్పుడు వరిచేలు. రోడ్డు కంటే పల్లం. వానొస్తే నీళ్ళు నిలుస్తాయని ఇక్కడ ఎవరైనా ముందు మట్టి తోలించి, మెరక చేసి, ఆ తర్వాతే పునాది తీస్తారు. మేమూ అంతే. ట్రాక్టర్లతో మట్టి వచ్చింది, నల్లగా ఉంది. నేను గుప్పెట్లోకి తీసుకుని చూసి, మంచి మట్టి, పెరడు బాగా కాస్తుందని సంతోషించాను. పాలు, నూనె, సబ్బు, అన్నీ అనుమానించిన దాన్ని, ట్రాక్టరులో వచ్చిన మట్టిని ఎక్కడిదని అడగలేదు. మట్టిని ఎవరైనా అనుమానిస్తారా?

ఆలోచిస్తుంటే ఒక్కొక్కటే కలిసింది. కూరలు ఆ మట్టిలోవి. నా బిందె, నా గిన్నెలు తోమింది ఆ మట్టితో. వంట గిన్నెలు అటకెక్కాయి గానీ, పూజ సామాన్లు ఎక్కలేదు. పంచపాత్ర, ఉద్ధరిణి రోజూ ఆ మట్టీ చింతపండూ వేసి తోముతూనే ఉన్నాను. పొద్దున్నే పూజ కాగానే బుజ్జి చెయ్యి చాపుతుంది. మూడు ఉద్ధరిణుల తీర్థం పోస్తాను. అది జుర్రుకుని, తడి చెయ్యి తలకి రాసుకుని, తోటకూర మడిలో ఆడుకోవడానికి వెళ్ళిపోతుంది. మెతుకు పెట్టలేదని ఒట్టేశాను. తీర్థం నాకు లెక్కలోకే రాలేదు.

అది కోడలికి చెప్పాను. "నేనూ రోజూ చూస్తూనే ఉన్నాను కదండీ, నాకూ తట్టలేదు" అంది. ఆ ఒక్క మాటతో మా మధ్య నడుస్తున్న మాటలేని గొడవ ఆగింది.

మా వాడు మట్టిని సంచిలో కట్టి, తెలిసినవాళ్ళ ద్వారా పరీక్షకి ఇచ్చాడు. రిపోర్టు తెచ్చి, "అమ్మా, మట్టి చాలా బాగుందట. నత్రజని, భాస్వరం, పొటాష్, అన్నీ సరిపడా ఉన్నాయట. ఏ పంటైనా వేసుకోవచ్చన్నారు" అని ఊపిరి పీల్చుకున్నాడు.

"సీసం చూశారా?"

"అది అందులో లేదు."

"లేదంటే? మట్టిలో లేదా, కాగితంలో లేదా?"

వాడు మళ్ళీ ఫోను చేశాడు. అది పంటల కోసం చేసే పరీక్షట. సీసం చూడరట. చూడాలంటే హెవీ మెటల్స్ అని ప్రత్యేకంగా అడగాలి, వేరే ల్యాబుకి పంపాలి. విశాఖపట్నం పంపించాం. మడిలో మట్టి, పెరటి మూల మట్టి, కుళాయి నీళ్ళు, అన్నీ విడివిడిగా. నీళ్ళు బాగున్నాయి. మట్టి నిండా సీసమే. అన్నిటికంటే ఎక్కువ నా తోటకూర మడిలో.

మట్టి తోలిన ట్రాక్టరు సుబ్బారావుని ఫోనులో పట్టుకున్నాం. స్పీకరు పెట్టించి నేనే మాట్లాడాను.

"ఆ మట్టి ఎక్కడిది బాబూ?"

"మట్టి మట్టేనండి అమ్మగారూ. ఎక్కడ తవ్వితే అక్కడిది."

"ఎక్కడ తవ్వారు?"

"చాలా చోట్ల తవ్వుతామండి. ఏదో పాత షెడ్డు పడగొట్టారు, అక్కడ కొంత, ఇంకోచోట కొంత. ఎవరికి గుర్తుంటాదండి."

"ఆ షెడ్డులో ఏం చేసేవారు? పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసేవారా?"

"నాకేం తెల్సండి. మీకు అది నచ్చకపోతే చెప్పండి, నేనే ఎత్తుకెళ్ళిపోతాను. ఒక్క పైసా వద్దు. అవతల ఒకళ్ళు మెరక చెయ్యాలి, మట్టి కావాలంటన్నారు."

మా వాడు సరేనని చెప్పబోయాడు. అంత కష్టం ఊరికే తీరిపోతుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. అవతల ఇంట్లో కూడా ఒక బుజ్జి ఉంటుంది. "వద్దు బాబూ. మా మట్టి మా దగ్గరే ఉంటుంది" అని ఫోను పెట్టేశాను.

డాక్టరమ్మ చెప్పినట్టు చేశాం. మొక్కలన్నీ పీకి, సంచుల్లో కట్టి, ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టాం. పెరడంతా తడిపి, దుమ్ము లేవకుండా చూసి, మందంగా సిమెంటు కాంక్రీటు పోయించాం. నల్లని ముక్కలు ఒక్కటి కూడా వదలకుండా ఏరి మూటకట్టి, ఎవరికివ్వాలో అధికారులని అడిగి పంపించాం. ఇంట్లోకి వచ్చే ముందు కాళ్ళు కడుక్కోవడం, చీపురుతో కాకుండా తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాం. నా పూజ సామాను ఇప్పుడు చింతపండు, ఉప్పుతో తోముతున్నాను. మెరుపు కాస్త తక్కువే.

పక్కవాళ్ళకీ చెప్పాం. కొందరు టెస్ట్ చేయించుకున్నారు. కొందరు, "మా మట్టి వేరే ట్రాక్టరుదండి" అని నవ్వేశారు. స్థలం అమ్ముదామనుకుంటున్న ఒకావిడైతే, ఈ మాట బయట అనకండని నన్ను బతిమాలింది. ఆవిడ పెరట్లో గోంగూర బాగా కాస్తోంది.

నేను మళ్ళీ ఒక విడత క్యాప్సూల్స్ మింగాను, అదే వాసనతో. ఫిజియోథెరపీ చేయించుకున్నాను. ఇప్పుడు నొప్పి రాదు. బ్లడ్ పెరిగింది. కుడి మణికట్టు పూర్తిగా లేవదు, చెంబుని రెండు చేతులతో పట్టుకుంటాను. ఎముకల్లో దాక్కున్నది ఇంకా ఉందట. దాన్ని నేను నమ్మను, పరీక్షకి తప్పకుండా వెళతాను. బుజ్జి లెవెల్ తగ్గుతూ వస్తోంది. అక్షరాలు దిద్దుతోంది. ఒక్క అక్షరం మరిచిపోతే కోడలూ నేనూ ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటాం. పిల్లలన్నాక మరిచిపోతారు, మాకు మాత్రం ఆ భయం పోలేదు.

నేను చెప్పేది ఒక్కటే. స్థలం మెరక చేయించుకునేటప్పుడు, కుండీల్లోకి మట్టి కొనేటప్పుడు, ఎలాంటి మట్టి అని అడగకండి. నల్లగా ఉంది, మొక్క బాగా వస్తుంది అంటే సరిపోదు. నాకూ బాగానే వచ్చింది. ఎక్కడి మట్టి అని అడగండి. అక్కడ ముందు ఏముండేదో వెళ్ళి చూడండి. చెప్పనివాడి దగ్గర తీసుకోకండి. పరీక్షకిస్తే హెవీ మెటల్స్ అని నోరు తెరిచి అడగండి.

మొన్న బుజ్జి లెవెల్ ఇంకా తగ్గిందని రిపోర్టు వచ్చిన రోజు, నేను అన్నానికి కూర్చోబోతుంటే ప్రసన్న బుజ్జిని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టింది. బజారు బచ్చలి, నాలుగు నీళ్ళలో కడిగి తనే వండింది. "మీ చేత్తో పెట్టండత్తయ్యగారూ, నా చేత్తో సగమే తింటోంది" అంది.

లేచి వెళ్ళి నా చేతులు మళ్ళీ కడుక్కొచ్చాను. ముద్ద కలిపి ఎత్తేసరికి మణికట్టు వాలిపోయింది. బుజ్జి తన చెయ్యి కింద పెట్టి నా చేతిని నోటి దాకా ఎత్తుకుంది.